పోట్లాటకి పది నిమిషాలు

ఆ ఇంట్లో పోట్లాటకి రోజుకి పది నిమిషాలు. సాయంత్రం పావు తక్కువ ఆరుకి మొదలు, ఆరుకి అయిదు నిమిషాలుందనగా ఆఖరు. మొదటి అయిదు నిమిషాలూ ఇల్లాలివి, తరవాతి అయిదూ మొగుడివి. ఒకరి వంతులో ఇంకొకరు నోరు పెట్టకూడదు. విసిరేవి స్టీలువే అయ్యుండాలి. గోడకేసి కొట్టొచ్చు, మనిషికేసి కొట్టకూడదు. ఒకసారి ఆవిడ గురి తప్పి మూత ఒకటి ఆయన కనుబొమ్మ చీల్చింది. కారుతున్న రక్తాన్ని మోచేత్తో తుడుచుకుంటూ ఆయన గడియారం చూసి, "ఇంకా నా వంతు రాలేదుగా, కానీ కానీ" అన్నాడట. కుట్లు వేయించుకోడానికి తీరిక కోసం వారమంతా వెతికితే ఆదివారం పదకొండున్నరకి దొరికింది. నమ్మినవాళ్ళు నమ్మండి, నమ్మనివాళ్ళు వెళ్ళి ఆయన కనుబొమ్మ చూసుకోండి.

ఈ ఏర్పాటు ఇల్లాలిదే. ఆవిడ మాంసం కోసే కార్ఖానాలో మేస్త్రీ. పన్నెండేళ్ళు కత్తి పట్టి కోసి కోసి, ఇప్పుడు నలభై మంది కోతగాళ్ళ మీద పెత్తనం చేస్తోంది. వాళ్ళు ఆవిణ్ణి వెనకాల గడియారమ్మ అంటారు. ముందర కూడా అనేవాళ్ళే, ఆవిడకి ఆ పేరంటే ముచ్చట. ఆవులింత వస్తే బస్సెక్కేదాకా ఆపుకునేది, ఇంట్లో ఆవులింతకి వేళ లేదు గనక. గోడ గడియారాలు ఆవిడ వస్తుంటే ముళ్ళు సర్దుకునేవని కార్ఖానాలో చెప్పుకుంటారు.

మొగుడు బట్టల మిల్లులో బాయిలరు చూసే మనిషి. రాత్రి డ్యూటీ. ఆవిడ ఇంట్లో అడుగుపెట్టే వేళకి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటాడు. ఈ షెడ్యూలు లేని రోజుల్లో వాళ్ళు ఇరవైనాలుగ్గంటలూ పోట్లాడుకునేవాళ్ళు. పళ్ళు తోముకుంటూ మొదలెట్టిన తగువు నురగతోనే గుమ్మం దాటేది, బస్సులో ఫోనెక్కేది, కోత హాల్లో చలిగది దాకా వెళ్ళి గడ్డకట్టేది. ఒకరోజు ఆయన ఫోన్లో తగువు పడుతూ ఆవిరి వదిలే మర తిప్పడం మరిచిపోతే, బాయిలరు మూత ఎగిరి రెండు వీధుల అవతల ఎవరో ఆరేసుకున్న దుప్పటిలో పడి పొగలు కక్కింది. ఆ రాత్రే గడియారమ్మ కాగితం తీసి, గీతలు కొట్టి, రోజుని ముక్కలు ముక్కలుగా కోసింది. వంటకి ముప్పావుగంట. బట్టలకి ఇరవై నిమిషాలు. పోట్లాటకి పది. పగలు ఎప్పుడు కోపమొచ్చినా చీటీ మీద రాసి ఖాళీ పాలపొడి డబ్బాలో వెయ్యాలి. వేళయ్యాక తీసి చదువుకుని మరీ అరుచుకోవాలి.

ఆ పది నిమిషాలే ఎందుకంటే, వాళ్ళ కూతురు చిన్నది ట్యూషన్ నుంచి ఇంటికి చేరేది ఆరుకి అయిదు నిమిషాలుందనగా. దాని చెవిన ఒక్క మాట పడకూడదనేది గడియారమ్మ పంతం. పిల్ల తలుపు కొట్టేసరికి పళ్ళేలు ఎత్తేసి, జుట్టు ముడేసుకుని, ఇద్దరూ ఫోటోకి కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు.

చుట్టుపక్కలకి అలవాటైపోయింది. కింద వాటాలో ఉండే దర్జీ పిన్ని ఆ మొదటి పళ్ళెం మోతకి పొయ్యి మీద పాలు పెట్టేది. మేడ మీద ఉండే డ్రిల్లు మాస్టారు, రిటైరై పదేళ్ళయినా ఈల మెళ్ళోంచి తియ్యని మనిషి, ఆ మోతకి చేతి గడియారం సరిచేసుకునేవాడు. ఒకరోజు ఆవిడకి గొంతు నొప్పి చేసి పోట్లాట మానేస్తే ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా, అంతా కులాసాయేనా? ఎవరికైనా ఏమైనా అయిందా?" అంటూ.

ఈ కథ గడియారమ్మ భోజనాల వేళ కోతగాళ్ళకి చెప్పి నవ్వించింది. "మా ఇంట్లో ఆ పది నిమిషాల్లో నన్ను నరికేసినా పలికేవాడు లేడర్రా. మా పిన్ని పాలు పొంగకుండా చూసుకుంటుంది, మా మాస్టారు గడియారానికి కీ ఇచ్చుకుంటాడు" అంది. నలభై మందీ పగలబడి నవ్వారు. అందులో పొడుగాడు కూడా ఉన్నాడు. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే అదే.

పొడుగాడు పదకొండేళ్ళ కోతగాడు. ఎముక పక్కన సన్నకత్తి పోనిస్తే వెన్నలో పోయినట్టు పోయేది. కాని నెలలో మూడు ఆలస్యాలైతే పనిలోంచి తీసేసి ఇంటికి పంపెయ్యాలని గడియారమ్మ రూలు. మూడోసారి వాడు పదకొండు నిమిషాలు లేటుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అమ్మని ఆస్పత్రిలో దింపి వచ్చానమ్మా. ఊపిరాడట్లేదు ఆవిడకి."

"షిఫ్టు చూసుకుని ఊపిరి బిగబట్టమని చెప్పలేకపోయావా మీ అమ్మకి?" అంది గడియారమ్మ. అంటే అందరూ నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. వాడు కత్తి తగలకుండా చేతికేసుకునే ఇనప గొలుసుల తొడుగు సంచీలోంచి లాగి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. సన్నకత్తి మాత్రం పెట్టలేదు.

ఇది జరిగిన తొమ్మిదో రోజు సాయంత్రం గడియారమ్మ ఇంటికొచ్చేసరికి తలుపుకి తాళం. లోపల బల్ల మీద చీటీ: "బాయిలరు కారుతోందని ఎవరో ఫోన్ చేశారు. పోతున్నా. నా అయిదు నిమిషాలు రేపు కలిపి తీసుకుంటా." ఆవిడ చెప్పులు విప్పింది. కొలాయి తిప్పింది. పావు తక్కువ ఆరు కొట్టింది. తలుపు చప్పుడైంది.

ఏదో మరిచిపోయి వెనక్కొచ్చాడనుకుని, "బుర్ర ఉందా, దాన్ని కూడా మిల్లులో వదిలేసి వచ్చావా?" అంటూ తీసింది.

మాట పూర్తి కాకముందే పొడుగాడి పిడికిలి ఆవిడ పెదవి మీద పడింది. చెప్పుల అరతో సహా గోడకి కొట్టుకుని పడింది. నోట్లో ఇనుప రుచి. వాడు నిదానంగా, తన ఇల్లయినట్టు, తలుపు గడియ వేశాడు.

"సరిగ్గా వచ్చానా గడియారమ్మా? ఒక్క నిమిషం కూడా లేటు కాలేదుగా?"

ఆవిడ చేతికందిన పళ్ళెం విసిరింది. వాడు తల పక్కకి వంచాడు. పళ్ళెం గోడకి తగిలి గింగిర్లు తిరిగింది. ఇంకోటి విసిరింది, గిన్నె విసిరింది. గొంతు చించుకుని అరిచింది. "పిన్నీ! మాస్టారూ! చంపేస్తున్నాడు!"

"ఇంకా గట్టిగా," అన్నాడు పొడుగాడు. "రోజూ ఇంతకన్నా గట్టిగా అరుస్తావట. ఇంత చిన్నగా అరిస్తే పాలు పెట్టుకునేదెలా పాపం, ఆ కిందావిడ?"

నిన్న కూడా ఆవిడ సరిగ్గా ఇదే మాట అరిచింది, చంపేస్తున్నాడని. మొన్న కూడా. వెయ్యి రోజులుగా అరుస్తూనే ఉంది.

వాడు జుట్టు పట్టుకుని వంటగట్టుకేసి ఒక్క మోదు మోదాడు. కళ్ళల్లో నిప్పురవ్వలు ఎగిరాయి. నుదురు చిట్లి రక్తం కంట్లోకి దిగింది. ఆవిడ మోచేత్తో వెనక్కి పొడిచింది, డొక్కలో తగిలింది. వాడు వదల్లేదు, ఇంకోసారి మోదాడు. తరవాత నడుములోంచి సన్నకత్తి తీశాడు.

"పదకొండు నిమిషాలు," అన్నాడు చెవి దగ్గర. "నా బతుక్కి నువ్వు కట్టిన లెక్క. మా అమ్మ ఆ మర్నాడే పోయింది. పక్కన కూర్చునేంత తీరిక అప్పుడు దొరికింది నాకు. నీ దగ్గర పది తీసుకుంటాను. ఒక్క నిమిషం నీకే వదిలేస్తాను. నీ కూతురు తలుపు కొడుతుందే, ఆ నిమిషం. తలుపు నేనే తీస్తాను."

అప్పటిదాకా గడియారమ్మకి భయం మామూలు భయమే. ఆ మాటతో గోడ మీద గడియారం వైపు కన్ను తిప్పింది. ఆరుకి పన్నెండు నిమిషాలుంది. చిన్నది రావడానికి ఏడు. ఏడు నిమిషాల్లో వీణ్ణి పడెయ్యాలి, లేదా ఎవరైనా రావాలి. ఎవరూ రారు. ఎందుకు రారో ప్రపంచంలో ఆవిడకంటే బాగా ఎవరికీ తెలియదు.

కత్తి ముంజేతి మీద గీత గీసింది. చర్మం నోరు తెరిచింది. కెవ్వుమనబోయి, ఆ కేకని గొంతులోనే పట్టుకుంది.

కేకేస్తే రారు. కేకెయ్యకపోతే?

గొంతు నొప్పి చేసిన రోజు ఇద్దరూ ఎలా పరిగెత్తుకొచ్చారో గుర్తొచ్చింది. ఈ అయిదు నిమిషాలూ తనవి. తన వంతులో తన గొంతు వినపడకపోతే ఈ మేడకే పొద్దు గడవదు. ఆవిడ పళ్ళు బిగించింది.

పొడుగాడు ముందు గమనించలేదు. చెయ్యి మెలితిప్పాడు. సడి లేదు. ఇంకా తిప్పాడు. చిటికెన వేలు పుల్లలా విరిగింది. ఆవిడ చేతి గుడ్డ నోట్లో కుక్కుకుని కొరికింది, కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి గాని నోటమ్మట ఊపిరి తప్ప ఏమీ రాలేదు. ఇల్లు బావిలా నిశ్శబ్దమైపోయింది. కొలాయి చుక్కలు వినపడ్డాయి.

"అరవ్వేం?" అన్నాడు. తలెత్తి పైకప్పు చూశాడు. కిందకి చూశాడు. అప్పుడు వాడికి తట్టింది. "అరువే! నీ టైమే కదా ఇది, అరువు!"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. రక్తంలో తడిసిన పళ్ళతో నవ్వింది కూడా అంటారు. అది మాత్రం ఎవరూ చూడలేదు, నేను బల్ల గుద్ది చెప్పలేను.

ఇంక అక్కణ్ణించి జరిగింది లోకంలో ఎక్కడా జరిగుండదు. చంపడానికొచ్చినవాడు అరమీద పళ్ళేలు లాగి గోడకేసి కొట్టడం మొదలెట్టాడు. చావాల్సిన మనిషి వాటికి అడ్డంపడి పట్టుకోవడం మొదలెట్టింది. వాడు గిన్నె విసిరితే ఆవిడ పొట్టతో ఆపింది. మూత విసిరితే మోకాళ్ళ మధ్య ఇరికించింది. ఒక చెంబు దవడకి తగిలి ఎముక కలుక్కుమంది, కిందపడకుండా దాన్ని గడ్డంతో గుండెకి అదిమిపెట్టుకుంది. మధ్య మధ్య వాడి కత్తి గాల్లో తిరిగి ఓసారి భుజం, ఓసారి చెవి తమ్మె కోసుకుపోతూనే ఉంది. రెండు పళ్ళేలు మాత్రం తప్పించుకుని మోగాయి. కాని గొంతు లేని పళ్ళెం మోత ఏం పోట్లాట? తాళం ఉంది, పాట లేదు.

వాడికి చెమటలు పట్టాయి. తనే గొంతు మార్చి అరిచాడు: "ఏమే! ఏంటే నీ పొగరు! నోర్ముయ్యవే!"

నోరు మూసుకునే ఉన్న మనిషిని నోర్ముయ్యమంటే ఎలా ఉంటుందో అలా ఉంది. పైగా అది మొగవాడి గొంతు. ఆడమనిషి వంతులో.

అరుస్తూ వాడు తల తిప్పిన ఆ క్షణం ఆవిడకి చాలింది. బట్టల బల్ల మీద ఇస్త్రీ పెట్టె ఉంది, పాతకాలపుది, బరువైనది. పన్నెండేళ్ళు కీళ్ళు విడదీసిన మనిషికి కీలు ఎక్కడుంటుందో వేరే చెప్పక్కర్లేదు. పశువుదైనా మనిషిదైనా మోకాలు ఎదురునించి కొడితే పలకదు, పక్కనించి కొడితే ఆగదు. నేల మీదకి జారి, విరిగిన వేలు పైకెత్తి పట్టుకుని, మిగిలిన చేత్తో ఇస్త్రీ పెట్టె తిప్పి వాడి మోకాలి పక్కన ఒక్కటిచ్చింది.

పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడైంది. పొడుగాడి కాలు ఎటు వంగకూడదో అటు వంగింది. వాడు పెట్టిన కేకకి మేడ మీద ఏదో దభీమని పడింది.

మెట్ల మీద అడుగులు. పైనుంచి కొన్ని, కిందినుంచి కొన్ని. తలుపు మీద బాదుడు.

"అమ్మాయ్! ఏంటా గొంతు? గడియ తియ్!" దర్జీ పిన్ని.

గడియ నాలుగడుగుల దూరంలో ఉంది. ఆవిడ పాకింది. పొడుగాడూ పాకాడు, విరిగిన కాలు ఈడ్చుకుంటూ. ఆవిడ మడమ పట్టుకుని వెనక్కి లాగి పిక్కలో కత్తి దింపాడు. ఆవిడ వెనక్కి తిరిగి ఇస్త్రీ పెట్టె వాడి మూతి మీద వేసింది. మళ్ళీ వేసింది. మూడోసారి వెయ్యబోతే వాడు రక్తం నిండిన నోటితో, "పదకొండు నిమిషాలే కదమ్మా," అన్నాడు. ఏడుస్తున్నాడు.

ఎత్తిన చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. తరవాత వేసింది. వాడి చెయ్యి కత్తిని ఇంకా వదల్లేదు మరి.

కత్తి జారింది. ఆవిడ గోడ పట్టుకుని లేచి గడియ లాగింది. తలుపుతో పాటే డ్రిల్లు మాస్టారు లోపల పడ్డాడు, భుజంతో తోస్తున్నాడేమో, ఆగలేక పొడుగాడి మీదే బోర్లా పడ్డాడు. పడ్డవాడు లేవకుండా అక్కడే చతికిలబడి ఈల ఊదాడు. తొంభై కిలోల మనిషి. దర్జీ పిన్ని గుడ్డలు కోసే పెద్ద కత్తెర తెరిచి పొడుగాడి చెవికి ఆనించింది.

"కదిలావంటే కత్తిరిస్తాను. ముప్పయ్యేళ్ళుగా వంకర కోత కొయ్యలేదురా నేను. మాస్టారూ, పోలీసులకి ఫోన్ కొట్టండి."

"నేను లేస్తే వీడు లేస్తాడమ్మా. ఫోన్ మేడ మీదుంది."

"ఇదిగో, నాది తీసుకోండి. నడుములో ఉంది, మీరు లాగొద్దు, నేనిస్తా."

గడియారమ్మ గడియారం చూసింది. ఆరుకి ఎనిమిది నిమిషాలు. "పిన్నీ, మూడు నిమిషాల్లో చిన్నది వచ్చేస్తుంది. ఈ రక్తం చూడకూడదు. వీణ్ణి స్నానాలగదిలోకి ఈడ్చండి. ఒక బక్కెట్టు నీళ్ళు కొడితే..." అంటూ నేల మీది పళ్ళేలు ఏరడం మొదలెట్టింది. ఏరిన ప్రతి పళ్ళేనికీ విరిగిన వేలు తగిలి ప్రాణం పోయొస్తోంది, అయినా ఏరుతోంది.

దర్జీ పిన్ని కత్తెర తియ్యకుండానే తల తిప్పి చూసింది. "ఏం చిన్నదే అమ్మా? మమ్మల్ని లేపుకొచ్చింది అదేగా."

"ఏది?"

"నేను పాల దగ్గరున్నాను. నువ్వు ఆగిపోయావని నేను చూసుకోలేదు కూడాను, అబద్ధమెందుకు. చిన్నదే తలుపు బాదింది. అమ్మ వంతు ఇంకా రెండు నిమిషాలుంది పిన్నీ, అమ్మ అరవట్లేదు అంది. అది చెప్తుంటేనే ఈ వెధవ గొంతు వినపడింది. అది నాన్న కాదు అంటూ పైకి పరిగెత్తి మాస్టార్ని పిలుచుకొచ్చింది."

గుమ్మం అవతల, మెట్టు మీద, సంచీ గుండెకి హత్తుకుని చిన్నది నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళది. లోపలికి రాలేదు. ఏడవడం కూడా లేదు. తల్లి చేతిలో పళ్ళేల దొంతర వైపు చూస్తోంది.

గడియారమ్మ దొంతర కింద పెట్టింది. గోడ పట్టుకుని గుమ్మందాకా నడిచింది. ఒక కాలి నిండా రక్తం, నడిచిన చోటల్లా అడుగు ముద్ర.

"ట్యూషన్ నుంచి అప్పుడే వచ్చేశావేంటే?"

"రోజూ అప్పుడే వదిలేస్తారు. అయిదు నలభైకి. నేనొచ్చేసరికి మీ మొదటి పళ్ళెం మోగుతూ ఉంటుంది."

"మరి... ఇంటికి ఆ టైముకి గదా వచ్చేది నువ్వు?"

"ఇక్కడ కూర్చుంటాను. మీరు అయిపోయేదాకా." మెట్టు మీద తను కూర్చునే చోటు చేత్తో చూపించింది. గోడకి అక్కడ సున్నం అరిగి నున్నగా ఉంది. "పిన్ని అప్పుడప్పుడు బిస్కట్టిస్తుంది. నాన్న అయిపోయాక వంద లెక్కపెట్టి తలుపు కొడతాను. మీరు పళ్ళేలు సర్దుకోవాలి కదా."

"ఎప్పట్నించి?"

చిన్నది వేళ్ళు లెక్కపెట్టుకుంది. "ఒకటో తరగతి నుంచి."

లోపల మాస్టారు ఫోన్లో మేడ ఎక్కడుందో రెండోసారి చెప్తున్నాడు. పొడుగాడు మూలుగుతున్నాడు. గడియారమ్మకి వాడు కోసిన నాలుగు చోట్లా ఒక్కసారే మంటెత్తింది. మెట్టు మీద కూతురి పక్కన కూలబడింది, ఆ అరిగిన గోడకి ఆనుకుని.

నోరు తెరిచింది. ఇన్నేళ్ళ చీటీల్లో ఒక్కదాని మీదా రాయని మాటేదో చెప్పాలి. అది ఏ మాటో తెలియలేదు. పిడికిలి బిగిసిపోయి ఉంది, పళ్ళేలతో పాటు ఏదో ఏరి పట్టుకున్నట్టుంది. చిన్నది పక్కన కూర్చుని ఆ పిడికిలి ఒళ్ళోకి తీసుకుని, విరిగిన వేలు తగలకుండా, ఒక్కొక్క వేలే విప్పింది. అరచేతిలో ఒక పన్ను ఉంది, వేరుతో సహా.

"ఇది నీదా, వాడిదా?"

గడియారమ్మ నాలుక నోట్లో తిప్పి చూసుకుంది. పై వరస, కింద వరస. తొందర లేకుండా, మూల పళ్ళదాకా వెళ్ళి లెక్కపెట్టుకుంది.

"వాడిదేనే," అంది.